నీళ్లు తీసే వేళ: చంద్రపూర్ చెరువుల అంచున

వానాకాలం మూడు నెలలూ మూసి ఉంచిన తాడోబా అడవి ద్వారాలు అక్టోబరు 1న తెరుస్తారు. ఆ రోజు తెల్లవారక ముందే మొహర్లీ గేటు దగ్గర జిప్సీ బండ్లు బారులు తీరతాయి. నాగపూర్ నుంచి, ముంబై నుంచి, మన హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్లందరి నోటా ఒకటే మాట: పులి ఎక్కడ కనబడింది? మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ జిల్లాకు దేశమంతా పేరు తెచ్చింది పులే, కాదనను. 1955లో తాడోబా జాతీయ పార్కు అయింది. 1995లో పక్కనున్న అంధారీ అభయారణ్యాన్ని కలిపి, 625 చదరపు కిలోమీటర్ల అడవిని పులుల కోసం కేటాయించారు. ఈ పూట మాత్రం నేను పులి జోలికి పోను. మొహర్లీ దారిలో చెట్ల సందుల్లోంచి తళుక్కుమనే నీళ్లున్నాయే, ఎరై జలాశయం వెనుక నీళ్లు, ఆ నీళ్ల అంచున ఆశ్వయుజ కార్తీక మాసాల్లో ఏం జరుగుతుందో చెబుతాను.

ఎరై చిన్న నది. చంద్రపూర్ ఊరి పక్కగా పారి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొహర్లీ దగ్గర బాతులు ఈదిన నీళ్లే చివరికి తెలుగు నేలకు వస్తున్నాయన్న మాట. మనుషులేమో దీనికి ఎదురు నడిచారు. బల్లార్‌పూర్ కాగితం మిల్లుకూ బొగ్గు గనులకూ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు జిల్లాలో ఎన్నో. రాజురా తాలూకా అయితే హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. 1956లో రాష్ట్రాల హద్దులు మారినప్పుడు విడివడి, 1959లో అప్పటి చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ జిల్లాలో చేరింది. అందుకే ఇక్కడ చెరువు గట్టు మీద కాసేపు కూర్చుంటే మరాఠీ, గోండీ, తెలుగు మూడూ చెవిన పడతాయి.

ఎరై మీద ఆనకట్ట కట్టింది ముఖ్యంగా థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం. 2,920 మెగావాట్ల కేంద్రం అది. ఊరికి తాగునీరూ ఈ జలాశయం నుంచే. శ్రావణ భాద్రపదాల్లో వానలు గట్టిగా పడితే ఏడు గేట్లూ ఎత్తుతారు. ఆ కబురు రాగానే నది ఒడ్డు బస్తీల వాళ్లు సామాన్లు సర్దుకుంటారు. దసరా నాటికి వాన వెనకబడుతుంది, గేట్లు దించేస్తారు, జలాశయం నిండుగా నిలబడుతుంది. ఆ తర్వాత రోజూ కేంద్రానికీ ఊరికీ తోడుతుంటే, పైనుంచి ఎండ లాగేస్తుంటే, నీటిమట్టం కొద్దికొద్దిగా దిగడం మొదలవుతుంది. గట్టున నిలబడి చూసేవాళ్లకు ఇది నష్టంలాగే కనబడుతుంది. పిట్టల తిండి మాత్రం ఈ దిగుడులోంచే పుడుతుంది.

ఎందుకంటే, లోతైన నీళ్లలో వెలుతురు అడుగుదాకా చేరదు. వెలుతురు లేనిచోట నాచు, నీటిమొక్కలు అంతగా పెరగవు. అవి లేకపోతే వాటిని తినే పురుగులు, నత్తలు, చిన్న చేపలు కూడా పలచబడతాయి. పైగా కొంగకు కాలు ఆనాలి, ఉల్లంకి పిట్టకు బురద కావాలి. నీళ్లు జానెడు వెనక్కి జరిగితే ఆ జానెడు మేరా మెత్తటి ఒండ్రు బయటపడుతుంది, అందులో వానాకాలమంతా పెరిగిన పురుగూ పుట్రా ఉంటాయి. మర్నాడు ఇంకో జానెడు. నాలుగు నెలల పాటు రోజూ ఆకు మార్చి వడ్డించే విందు ఇది.

ఆ విందులో ఎవరి చోటు వాళ్లదే. తడి ఆరని బురద మీద కాటుక పిట్టలు తోక ఆడిస్తూ పరుగులు పెడతాయి. అక్కడే తీతువు తిరుగుతుంటుంది. దాని అరుపు అపశకునమని మన పల్లెల్లో భయం గానీ, మనిషో కుక్కో వస్తున్న సంగతి మిగతా పిట్టలన్నిటికీ ముందుగా చాటేది అదే. చీలమండ లోతులో ఉల్లంకులు, గుడ్డి కొంగలు, తెల్ల కొంగలు. మోకాటి లోతులో నారాయణ పక్షి గంటల తరబడి కదలకుండా నిలబడి ఉంటుంది. ఇంకాస్త లోపల సూదితోక బాతులు తలకిందులై, తోక మాత్రం పైకి పెట్టి అడుగున మేస్తాయి. వాటికి మెడ పొడుగు, కాబట్టి గార్గేనీ బాతుకు అందని లోతు వీటికి అందుతుంది. మరీ లోతైన చోట మునిగి వెతుక్కునే వాళ్లదే రాజ్యం: మునుగుడు కోడి, బొల్లి కోడి, నీటికాకి. ఒకే చెరువులో ఇన్ని జాతులు కొట్టుకోకుండా బతకడానికి కారణం ఈ లోతుల తేడానే. ఒడ్డు ఏటవాలుగా ఉన్నంతకాలమే ఈ తేడా ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నత్తగుల్ల కొంగను దగ్గర నుంచి చూశారా? వరిచేలల్లోనూ చెరువుల్లోనూ మందలుగా దిగే బూడిద తెలుపు కొంగ. ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు మిగిలే ఉంటుంది. ఆ సందులో నత్తను పట్టి అడకత్తెరలా పగలగొడుతుందని చాలాకాలం అనుకున్నారు. నిజానికి అది చేసే పని చాలా నాజూకైనది. బైనాక్యులర్స్‌తో ఓపికగా చూస్తే తెలుస్తుంది. తల నీళ్లలోకి వంచి, పై ముక్కుతో నత్తగుల్లను బురదకేసి అదిమి పడుతుంది. కింది ముక్కు కొన సన్నగా, కొంచెం పక్కకు వంగి ఉంటుంది. ఆ కొనను గుల్ల మూత పక్కనుంచి లోపలికి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండను తెంచేస్తుంది. తల ఎత్తేసరికి ముక్కున నత్త మాంసం, నీళ్లలో చెక్కు చెదరని గుల్ల. అంతా క్షణాల్లో జరిగిపోతుంది. కొంగలు మేసి వెళ్లిన చోట ఒడ్డున గుల్లలు ఏరి చూడండి, చాలామటుకు పగుళ్లు లేనివే దొరుకుతాయి.

వలస పిట్టలు అన్నీ ఒకేసారి దిగవు. ఉల్లంకి జాతుల్లో కొన్ని శ్రావణంలోనే, ఇంకా ముసురు పట్టి ఉండగానే వచ్చేస్తాయి. కాటుక పిట్టలు, గార్గేనీ బాతులు వినాయక చవితి, బతుకమ్మ రోజుల నాటికి కనబడతాయి. దీపావళి దాటాక సూదితోక బాతులు, జక్కవలు. మన కవులు విరహానికి గుర్తుగా చెప్పే చక్రవాకం ఈ జక్కవే. నారింజ రంగు ఒళ్లు, లేత రంగు తల, తరచూ జంటగా కనబడుతుంది. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా చెరువుల దగ్గర పిల్లల్ని చేసుకుని చలికాలానికి ఇటు వస్తుంది. రాత్రిళ్లు జంట విడిపోయి ఏడుస్తుందన్నది కవుల మాట. చూసినంతలో రెండూ పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉంటాయి.

చలి ముదిరాక వచ్చేది చారల తల బాతు. తెల్లటి తల వెనుక రెండు నల్లటి అడ్డ చారలు ఉంటాయి కాబట్టి ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. టిబెట్, మంగోలియా సరస్సుల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. శాస్త్రవేత్తలు వీటికి పరికరాలు కట్టి చూస్తే ఒక పిట్ట 7,290 మీటర్ల ఎత్తున ఎగురుతూ నమోదైంది. మామూలుగా మాత్రం అంత ఎత్తుకు పోవు. కొండల వాలును అనుసరించి, లోయ వస్తే దిగుతూ, కనుమ వస్తే ఎక్కుతూ, చల్లటి గాలి చిక్కగా ఉండే రాత్రివేళ ఎక్కువగా ప్రయాణం చేస్తాయి. వాటి నెత్తురుకు పలచటి గాలిలోంచి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే గుణం ఉంది. అంత కష్టపడి వచ్చింది ఏం చేస్తుందంటే, పగలంతా ఎరై వెనుక నీళ్ల ఒడ్డున ఒంటికాలి మీద కునుకు తీస్తుంది, నీళ్లు తీసిన చోట మొలిచిన లేత గడ్డి మేస్తుంది. జలాశయం నిండుగానే ఉండిపోతే ఆ గడ్డి ఉండదు.

ఇక తాడోబా చెరువు. అడవి నడిమధ్య ఉంటుంది. దాని ఒడ్డున పెద్ద చెట్టు కింద తారుదేవుడి గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయిన గోండు పెద్ద తారు పేరు మీదే ఈ అడవికీ చెరువుకూ పేరు వచ్చిందని ఇక్కడివాళ్ల నమ్మకం. పుష్యమాసంలో ఆదివాసులకు ఇక్కడ జాతర. అక్టోబరులో ఈ చెరువు పక్కన బండి ఆపించి, ఇంజను కట్టేయించి, అరగంట ఊరుకుంటే చాలు. కణుజులు పొట్టదాకా నీళ్లలో దిగి నీటిమొక్కలు మేస్తుంటాయి. ఎండ ఎక్కగానే మొసలి ఒడ్డుకు చేరి నోరు తెరుచుకుని పడుకుంటుంది. పాముమెడ పిట్ట మునిగి లేచి, ఎండిన కొమ్మ మీద రెక్కలు రెండూ చాచి ఆరబెట్టుకుంటుంది. బూడిద తల చేపల గద్ద నీటి మీదికి వంగిన చెట్టు మీద కాపు వేసి ఉంటుంది. అది కాలి గోళ్లతో చేపను ఎత్తుకుపోయే క్షణం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, అందుకే తొందరపడే బండ్లకు అది దొరకదు. వానాకాలపు గుర్తుగా దారికి అడ్డంగా పెద్ద అడవి సాలీళ్ల పసుప్పచ్చ గూళ్లు ఇంకా మిగిలి ఉంటాయి, పొద్దున మంచు పడితే దారాలన్నీ కనిపిస్తాయి. సాయంత్రం బండ్లు తిరిగే వేళకు ఈల బాతులు లేస్తాయి. చీకట్లో వాటి ఈలలు నెత్తి మీదుగా పోతుంటే అవి ఏ చెరువుకు మేతకు వెళ్తున్నాయో దిక్కు చెప్పవచ్చు.

అడవి లోపలి చెరువుల కన్నా నాకు ఊళ్ల చెరువుల మీదే మమకారం ఎక్కువ. చంద్రపూర్ దగ్గర జునోనా చెరువు, ఊరి నడుమ రామాళా చెరువు గోండు రాజుల కాలం నాటివి. జిల్లా తూర్పున మూల్, సిందేవాహీ, నాగ్‌భీడ్, బ్రహ్మపురి వైపు వెళ్తే అంతా వరి, అంతా చెరువులు. అడవి కొట్టి చెరువు తవ్విన వాడికి దాని కింద పారినంత నేలా ఇస్తామని గోండు రాజులు మాట ఇచ్చారని చెబుతారు. ఆ చెరువులు తవ్వడంలో కోహళీ కులస్థులు ఆరితేరినవాళ్లు. తర్వాత అవి మాలుగుజార్ల, అంటే శిస్తు వసూలు చేసే భూస్వాముల చేతికి వెళ్లాయి, మాలుగుజారీ రద్దయ్యాక ప్రభుత్వానికి వచ్చాయి. చంద్రపూర్, గడ్చిరోలీ, భండారా, గోందియా నాలుగు జిల్లాల్లో ఇలాంటివి ఆరు వేలకు పైనే ఉన్నాయి. కాకతీయుల చెరువుల కింద పెరిగిన మనకు వాటి తూములూ మత్తడులూ శిఖం భూములూ వేరే చెప్పక్కర్లేదు.

దీపావళి రోజుల్లో ఈ చెరువుల్లో శింగాడాల కోత. నీటి మీద తేలే తీగ, ఆకుల కింద ముల్లున్న కాయ. ఢీవర్ కులం వాళ్లు, అంటే మన బెస్తవాళ్లే, చిన్న దోనెల మీద వెళ్లి తీగ ఎత్తి కాయ కోసి, మళ్లీ తీగను నీళ్లలో పరుస్తారు. ఉడకబెట్టిన శింగాడాలు రోడ్డు పక్కన గంపల్లో నల్లగా మెరుస్తుంటాయి. ఆ తీగల మీదే జకానా పిట్ట నివాసం. కాలి వేళ్లు దాని ఒంటితో పోలిస్తే బాగా పొడవు, బరువు పరుచుకుంటుంది కాబట్టి ఆకు మునగదు. మరాఠీలో కమళ్‌పక్షీ అంటారు. వానాకాలంలో చూస్తే మెడ వెనుక బంగారు రంగు, వెనుక పొడవాటి నల్లటి తోక. కార్తీకంలో అదే పిట్టను పోల్చలేం: తోక రాలిపోయి, రంగు వెలిసి సాదాగా ఉంటుంది. దాని సంసారం కూడా వింతే. ఆడది నాలుగు గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి వెళ్లిపోతుంది. పొదిగేదీ, పిల్లల్ని ఆకుల మీద నడిపించేదీ, పైన గద్ద కనబడితే రెక్కల కింద దాచేదీ తండ్రి. దసరా తర్వాత కూడా ఆలస్యపు పిల్లలతో ఒకటో రెండో తండ్రి పిట్టలు తిరుగుతుంటాయి. కోత కోసేవాళ్లు వాటిని చూసి ఆ పక్క తీగను కదపకుండా వదిలేయడం నేను చూశాను.

నవంబరు 5 నుంచి 12 వరకు మహారాష్ట్రలో పక్షి వారోత్సవం. 5వ తేదీ మారుతీ చితంపల్లి పుట్టినరోజు, 12వ తేదీ సలీం అలీ పుట్టినరోజు. సలీం అలీ 1931లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేసిన మనిషి, మనకు కొత్తవారేమీ కాదు. చితంపల్లి గారి గురించి తెలుగువాళ్లు ఇంకా తెలుసుకోవాలి. మన నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడిన షోలాపూర్‌లో 1932లో పుట్టారు. అటవీ శాఖలో ఉద్యోగం చేస్తూ విదర్భ అడవుల్లో, ముఖ్యంగా ఇక్కడికి ఉత్తరాన నవేగావ్ బాంధ్ చెరువు దగ్గర ఏళ్ల తరబడి గడిపి, ఆదివాసులూ బెస్తలూ పిట్టలకు పెట్టుకున్న పేర్లన్నీ పోగుచేసి పక్షికోశం రాశారు. 2025లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది జూన్‌లో కన్నుమూశారు. పిట్టల పేర్లు పోగుచేసే ఆ పని తెలుగులో మనం ఇంకా ఆ స్థాయిలో చేసుకోవాలి. మన ముసలివాళ్లకు తెలిసిన పిట్టల పేర్లు వాళ్లతోనే పోతున్నాయి. ఇది నాకు నిజంగా బాధ.

ఇప్పుడు ఏటవాలు ఒడ్డు సంగతి. రామాళా చెరువులోకి ఏళ్ల తరబడి ఊరి మురుగు చేరింది. మురుగు తిని గుర్రపుడెక్క పెరిగింది, నీళ్లు కనబడకుండా పోయాయి. 2021 ఫిబ్రవరిలో ఈకో ప్రో అనే పర్యావరణ సంస్థకు చెందిన బండూ ధోత్రే ఈ చెరువు కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. దాంతో ఊరు కదిలింది, పూడిక తీసే పని మొదలైంది. ఆ పట్టుదలకు చేతులెత్తి దండం పెట్టాలి. అయితే చెరువుల బాగు అనగానే ఎక్కడైనా, ఇక్కడైనా తెలంగాణలోనైనా, ఒకటే నమూనా కనబడుతోంది. చుట్టూ నిలువుగా రాతి కట్టడం, పైన నడక దారి, రంగు దీపాలు, నడుమ పడవలు. అడుగున తొట్టిలా ఒకే లోతు. నీళ్లు శుభ్రంగానే ఉంటాయి, కానీ కాలు ఆనే చోటు ఒక్కటీ మిగలదు. నీళ్లు దిగినా బురద బయటపడదు, రాయే బయటపడుతుంది. నీటికాకులు నాలుగు తిరుగుతాయి, అంతే. కొంగ, ఉల్లంకి, కాటుక పిట్ట, జకానా అన్నీ వెళ్లిపోతాయి. రాత్రి దీపాల వెలుగుకు బాతులు దిగవు. ఇక ఊళ్లలో శిఖం భూమిని, అంటే చెరువు నిండితే మునిగే నేలను, ఆక్రమించి సాగు చేస్తే మొదట పోయేది కూడా ఈ పల్చటి అంచే. లోతు ఎవరూ ఆక్రమించరు కదా.

పూడిక తీయొద్దని నేను అనను. తీయాలి, రైతుకు ఆ ఒండ్రు బంగారం. గట్టు వైపు, తూము వైపు లోతుగా తీయండి. శిఖం వైపు మాత్రం ఏటవాలు చెడగొట్టకండి, ఆ తుంగను, కలువలను పీకకండి. రాతి కట్టడం గట్టు వరకు చాలు. దీపాలూ పడవలూ పెట్టదలిస్తే ఒక పక్కకే పరిమితం చేయండి. రాత్రంతా నైలాన్ వలలు నీళ్లలో వదిలేస్తే మునుగుడు కోళ్లు చిక్కుకుని చస్తాయి, వాటిని పొద్దు గూకే ముందే తీసేయమని బెస్త సంఘాలతో మాట్లాడండి. చెప్పే తీరుగా చెబితే వాళ్లు వింటారు, చెరువు మన కన్నా వాళ్లకే ఎక్కువ అవసరం. మీ ఊరి చెరువుకు పని మంజూరైతే, కొలతలు వేయడానికి ఇంజనీరు వచ్చిన రోజునే ఈ మాట చెప్పాలి. టెండరు అయ్యాక ఎవరూ వినరు.

చూడాలనుకునే వాళ్లకు రెండు మాటలు. కాగజ్‌నగర్ దాటి ఉత్తరంగా వచ్చే రైళ్లు బల్లార్షాలో ఆగుతాయి, పక్కనే చంద్రపూర్. జునోనా ఊరికి దగ్గరే, మొహర్లీకి రోడ్డు మీద గంట లోపు. తాడోబాకు మంగళవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఎరై అంచున తిరగాలన్నా అక్కడి అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన చోటికే వెళ్లండి, ఆ ఒడ్డుకు పులులూ నీళ్లకు వస్తాయి. సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా, పొద్దున్నే, తడి బురదకు కాస్త దూరంగా కూర్చోండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, పిల్లల్ని వెంట తెచ్చుకోండి. దీపావళి తర్వాతి వారాల్లో నీళ్లు కొంత దూరం వెనక్కి జరిగి ఉంటాయి, ఎక్కువ జాతులు ఒకేచోట దొరికేది అప్పుడే.